సున్నంలో కోసిన వంశావళి

చంపాపేట్ నుంచి ఒవైసీ ఆసుపత్రి కూడలి వైపు పోతే సంతోష్‌నగర్‌ను ఆనుకుని పిసల్‌బండ బస్తీ వస్తుంది. బర్హనే షా దర్గా ఎక్కడని అడిగితే ఎవరైనా చెప్తారు. ఆ దర్గా దాపునే, ఇళ్ల నడుమ, పైగా వంశపు నవాబుల సమాధులున్నాయి. ఆ పక్కనే కంచన్‌బాగ్‌లో క్షిపణులు రూపొందించే ప్రయోగశాలలు ఉన్నాయని నగరమంతటికీ తెలుసు. ఈ సమాధుల సంగతి మాత్రం నగరంలో సగం మందికైనా తెలియదు. చార్మినార్ చూడటానికి దేశదేశాల నుంచి వచ్చేవాళ్లు ఇంత దగ్గర్లో ఉన్న ఈ చోటును చూడకుండానే వెళ్లిపోతుంటారు. నా దృష్టిలో హైదరాబాద్‌లో సున్నపు పనికి ఇంతకు మించిన చోటు లేదు. గోల్కొండ సమాధుల గుమ్మటాలు ఎత్తుతో ఆకట్టుకుంటాయి, ఫలక్‌నుమా ప్యాలెస్ వైభవంతో ఆకట్టుకుంటుంది. ఇక్కడ ఆకట్టుకునేది బెత్తెడు మేర జాలీ.

లోపల సమాధుల ఆవరణలు ఒకదాని పక్కన ఒకటి వరుసగా ఉంటాయి. చాలావాటి మీద కప్పు లేదు. సమాధి ఆకాశం కిందే ఉంటుంది, చుట్టూ మాత్రం గోడకు బదులు జాలీ లేచి ఉంటుంది. గచ్చుతో చేసిన ఆ తెరలో ఎక్కడ చూసినా రంధ్రాలే. ఆ రంధ్రాలను చుట్టి సన్నటి గచ్చు పట్టీలు తిరుగుతాయి. ఒక పట్టీని చూపుతో పట్టుకుని వెంబడించండి. అది పైకి పోయి, ఇంకో పట్టీని దాటి, ఒక కోణంలో విరిగి, నక్షత్రంలో ఒక వైపుగా మారి, మళ్లీ బయటికొచ్చి పక్క నక్షత్రంలో కలుస్తుంది. మొదలు ఎక్కడో, చివర ఎక్కడో కంటికి అందదు. పక్క ఆవరణకు వెళ్తే ఆ అల్లిక ఉండదు, మరొకటి ఉంటుంది. ఇక్కడ షడ్భుజాల మీద నడిచిన లెక్క అక్కడ అష్టభుజాల మీదికి మారుతుంది. ఇంకోచోట లెక్కలు పక్కన పెట్టి తీగలూ పూలూ వచ్చేస్తాయి. పలక నుంచి పలకకూ నమూనా మారిపోతుంది.

ఇది అలంకారంలో వైవిధ్యం కోసం చేసినదని సరిపెట్టుకోవచ్చు. కానీ ఈ సమాధుల్లో ఉన్నవాళ్ల పేర్లు చదివితే నాకు ఇంకో సంగతి తోచింది. అది చెప్పాలంటే ముందు ఆ కుటుంబం గురించీ, బిరుదుల గురించీ చెప్పాలి.

పైగా వంశీయులు తమ మూలాన్ని రెండో ఖలీఫా హజ్రత్ ఉమర్ వరకూ, నడుమ సూఫీ బాబా ఫరీద్ గంజ్ షకర్ మీదుగా చెప్పుకుంటారు. దక్కన్‌లో వాళ్ల చరిత్ర మొదటి నిజాం కాలంలో అబుల్ ఖైర్ ఖాన్‌తో మొదలవుతుంది. ఆయన కొడుకు అబుల్ ఫతే ఖాన్, తేగ్ జంగ్ బహదూర్, రెండో నిజాం అలీ ఖాన్ కొలువులో అశ్వదళానికి నాయకుడు. నిజాం సొంత గుర్రపు పటాలాన్ని పోషించడం ఈ ఇంటి బాధ్యత. అందుకయ్యే ఖర్చు కోసం ఊళ్లకు ఊళ్లు జాగీరుగా వచ్చాయి. ఆ అబుల్ ఫతే ఖాన్‌కే నిజాం ‘షంసుల్ ఉమరా’ అన్న బిరుదిచ్చాడు. అమీరులలో సూర్యుడని అర్థం. పిసల్‌బండలో తొలి కట్టడం ఆయన కాలానిదే, 1787 ప్రాంతానిది.

ఆసఫ్ జాహీ కొలువులో బిరుదులకు మెట్లుండేవి. ఖాన్ తర్వాత ఖాన్ బహదూర్, ఆపైన జంగ్, తర్వాత దౌలా, ముల్క్, ఉమరా, చిట్టచివర జా. సాలార్ జంగ్ పేరు అందరికీ తెలుసు. ఆ ‘జంగ్’ ఈ మెట్లలో ఒకటి. ఈ నిచ్చెన మొత్తాన్ని ఒక్క మనిషి పేరులో చూడాలంటే ఈ వంశంలోని మజ్హరుద్దీన్ ఖాన్‌ను చూడాలి. రఫత్ జంగ్, బషీరుద్దౌలా, ఉమ్దతుల్ ముల్క్, ఆజముల్ ఉమరా, అమీరె అక్బర్, ఆస్మాన్ జా. ఆయన 1887 నుంచి 1893 దాకా హైదరాబాద్ రాజ్యానికి ప్రధానమంత్రి. బషీర్‌బాగ్ పేరు ఆయన నుంచే వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్ పోయేటప్పుడు మలక్‌పేట దాటాక గుట్టమీద కనిపించే ఆస్మాన్‌గఢ్ కట్టించినదీ ఆయనే, 1885 ప్రాంతంలో. ఆయన తర్వాత ప్రధాని అయిన వికారుల్ ఉమరా, ఫజ్లుద్దీన్ ఖాన్, 1884లో ఫలక్‌నుమాకు పునాది వేశాడు. వికారాబాద్ ఆయన బిరుదు మోస్తున్న ఊరే. తర్వాత మూడు శాఖలైన ఈ వంశంలో మూడో శాఖకు పెద్ద ఖుర్షీద్ జా. హుస్సేనీ ఆలంలో ఆయన దేవిడీ స్తంభాలు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి.

బిరుదులతో ఒక చిక్కుంది. అవి మనిషితో పోవు, ఇంట్లో మిగిలిపోతాయి. అబుల్ ఫతే ఖాన్ పోయాక ఆయన కొడుకు ఫక్రుద్దీన్ ఖాన్ షంసుల్ ఉమరా అయ్యాడు. ఆయన తర్వాత ఆయన కొడుకులు రఫీయుద్దీన్ ఖాన్, ఆపైన రషీదుద్దీన్ ఖాన్. రఫీయుద్దీన్ 1869 నుంచి సాలార్ జంగ్‌తో కలిసి పసివాడైన ఆరో నిజాం పేరున పాలన చూశాడు. 1877లో ఆయన చనిపోతే ఆ బాధ్యత తమ్ముడు రషీదుద్దీన్‌కు వచ్చింది, 1881లో చనిపోయేదాకా ఆయనే చూశాడు. పాత ఉత్తరాల్లో, ఇంగ్లీషు రెసిడెంట్ల రాతల్లో ‘షంసుల్ ఉమరా’ అని కనబడితే ముందు సంవత్సరం చూడాలి, ఆ తర్వాతే మనిషి ఎవరో తెలుస్తుంది. సూర్యుడన్న బిరుదు ఒక్కటే, దాన్ని మోసిన మనుషులు పలువురు.

మధ్యయుగపు జర్మన్ దేశాల్లోనూ పెద్ద ఇళ్ల కథ దాదాపు ఇలాగే నడిచింది. గ్రాఫ్ అంటే మొదట రాజు ఒక ప్రాంతం మీద నియమించిన అధికారి. కొన్ని తరాల్లో ఆ ఉద్యోగం తండ్రి నుంచి కొడుక్కి దిగే ఆస్తి అయింది. ‘మినిస్టీరియాలిస్’ అనే వర్గం ఇంకా విచిత్రమైనది. చట్టం ప్రకారం వాళ్లు స్వతంత్రులు కారు, ప్రభువు మనుషులు. అయినా గుర్రమెక్కి యుద్ధం చేశారు, కోటలు కాశారు, చివరికి వాళ్లే దొరల వర్గంలో కలిసిపోయారు. కొలువులో అశ్వశాల చూసే మార్షల్ పదవి అక్కడ ఎంత పెద్దదయిందంటే, 1356 నాటి ‘గోల్డెన్ బుల్’ శాసనం ప్రకారం చక్రవర్తికి ప్రధాన మార్షల్ స్వయంగా సాక్సనీ డ్యూక్. చక్రవర్తి కొలువు తీరిన రోజున ఆయన గుర్రం మీద ఓట్స్ గింజల రాశి దగ్గరికి పోయి వెండి కొలపాత్ర నింపాలి. ఏడుగురు ఎలెక్టర్లలో ఒకడు, చక్రవర్తిని ఎన్నుకునే హక్కున్నవాడు, గుర్రానికి దాణా కొలిచే పనిని గౌరవంగా చేసేవాడు. నిజాం గుర్రాలను పోషించి సూర్యబిరుదు పొందిన ఇంటివాళ్లకు ఆ గౌరవం ఎలాంటిదో బాగా అర్థమయ్యేది. పంపకాలు కూడా రెండుచోట్లా ఒకటే. సాక్సనీని ఏలిన వెట్టిన్ అన్నదమ్ములు 1485లో లైప్జిగ్‌లో రాజ్యం పంచుకుని రెండు శాఖలయ్యారు. రషీదుద్దీన్ ఖాన్ తర్వాత పైగా ఆస్తి ఆస్మాన్ జాహీ, ఖుర్షీద్ జాహీ, వికారుల్ ఉమరాహీ అని మూడు భాగాలయింది.

ఆ జర్మన్ దొరలు తమవాళ్లను ఎలా గుర్తుంచుకున్నారో చూస్తేనే పిసల్‌బండ పని ఎంత వేరో తెలుస్తుంది. నౌంబుర్గ్ కెథడ్రల్ పశ్చిమ భాగంలో 1250 ప్రాంతంలో ఒక శిల్పి పన్నెండు మంది దాతల విగ్రహాలు చెక్కాడు. అందులో మైసెన్ మార్‌గ్రేవ్ ఎకెహార్డ్, ఆయన భార్య ఊటా ఉన్నారు. ఎకెహార్డ్ 1046లోనే పోయాడు. శిల్పి ఆయన్ను చూసి ఉండే వీలే లేదు. అయినా బరువైన చెంపలు, కత్తి మీద ఆన్చిన చేయి, చలికి ముఖం దాకా ఎత్తి పట్టుకున్నట్టున్న ఊటా పై వస్త్రం చూస్తే వాళ్లు ఎదురుగా ఉన్నట్టే ఉంటుంది. రెండు వందల ఏళ్ల కింద పోయినవాళ్లకు ఆ శిల్పి ముఖాలు ఇచ్చాడు. ఆయన పేరు ఎవరికీ తెలియదు, చరిత్ర ఆయన్ను నౌంబుర్గ్ మాస్టర్ అనే పిలుస్తుంది.

పిసల్‌బండ మేస్త్రీలకు ఆ దారి లేదు. ఇస్లాం సంప్రదాయంలో సమాధి దగ్గర మనిషి బొమ్మ పెట్టరు. బిరుదు చూస్తే తండ్రిదీ కొడుకుదీ ఒకటే. ఒకే ఇంటివాళ్లు, ఒకే హోదావాళ్లు, ఒకరి పక్కన ఒకరు పడుకున్నారు. ఎవరిది ఏదో వేరుచేసి చూపడానికి ఆ పనివాళ్ల చేతిలో మిగిలింది గీత, కోణం, ఖాళీ. వాళ్లు ఆ మూడింటితోనే ఒక్కొక్కరికి ఒక్కో అల్లిక వేశారు. బిరుదు కలిపేసిన మనుషులను ఆ జాలీలు మళ్లీ విడదీశాయి. ఈ సమాధుల దగ్గర నాకు తోచింది ఇదే, ఎన్నిసార్లు వెళ్లినా ఇదే బలపడుతోంది. నౌంబుర్గ్‌లో ముఖం చేసిన పనిని ఇక్కడ నమూనా చేసింది.

ఇప్పుడు ఆ పనిలోకి దిగాలి.

జాలీకి ముడిసరుకు సున్నం. సున్నపురాయిని బట్టీలో 900 డిగ్రీల దాకా కాలిస్తే అందులోని కార్బన్ డయాక్సైడ్ వెళ్లిపోయి పొడి సున్నం మిగులుతుంది. నీళ్లు పోయగానే అది బుసకొట్టి, ఉడికి, విచ్చుకుంటుంది. ఆ తడి సున్నాన్ని వెంటనే వాడరు. గుంటలో నీటి కింద మాగబెడతారు. ఎంత మాగితే అంత మెత్తన, అంత జిగురు. తర్వాత ఇసుకతో కలిపి గానుగలో తిప్పి నూరితే డంగు సున్నమవుతుంది. ఎద్దులు రాతి చక్రాన్ని గుండ్రటి కాలువలో తిప్పే ఆ గానుగలు మన పల్లెల్లో కిందటి తరం దాకా ఉండేవి. దక్కన్ మేస్త్రీలు అందులో బెల్లం నీళ్లు, కరక్కాయ నానబెట్టిన నీళ్లు, మారేడు గుజ్జు, మినప్పిండి లాంటివి కలిపేవారు. బెల్లం సున్నాన్ని పనికి లొంగేలా చేస్తుంది, మారేడు జిగురు పట్టునిస్తుంది. పైపూతకు గుడ్డ మీద జల్లించిన మెత్తటి సున్నం వాడి, దాన్ని నునుపురాయితో రుద్దిరుద్ది మెరుపు తెస్తారు. పాలరాయిని తలపించే ఆ నునుపు చేతుల్లోంచే రావాలి, దానికి ఇంకో మార్గం లేదు.

సిమెంటు నీటితో గట్టిపడుతుంది, గంటల్లో బిగుసుకుంటుంది. సున్నానిది వేరే దారి. అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను మెల్లగా తిరిగి పీల్చుకుని, మళ్లీ సున్నపురాయిగా మారుతుంది. వారాలు, నెలలు పడుతుంది, లోపలి పొరలకైతే ఇంకా ఎక్కువ. ఈ నిదానమే జాలీ పనికి వరం. పలక పోశాక అది పచ్చిగానూ కాక రాయిగానూ కాక ఉండే ఒక దశ వస్తుంది. వేలితో నొక్కితే అచ్చు పడదు, కత్తి దించితే తెగుతుంది. కోత పని అప్పుడే. ముందే కోస్తే అంచు కుంగిపోతుంది, ఆలస్యమైతే పెచ్చు లేస్తుంది. పగటి ఎండా, గాలిలో తడీ చూసి మేస్త్రీ ఆ అదును పట్టుకోవాలి. హైదరాబాద్ ఎండాకాలంలో ఆ అదును ఎంత చిన్నదో ఊహించుకోండి. తడిగుడ్డలు కప్పి ఆరడాన్ని వాయిదా వేయడం కూడా పనిలో భాగమే.

కోతకు ముందు గీత. దానికి కావలసినవి కంపాస్, నూలుతాడు, సరళమైన బద్ద. కంపాస్ అదే వెడల్పున ఉంచి వృత్తం చుట్టూ నడిపిస్తే సరిగ్గా ఆరు అడుగుల్లో తిరిగి మొదటికి వస్తుంది. అక్కడినుంచి షడ్భుజం, దాని కోణాలను ఒకటి విడిచి ఒకటి కలిపితే ఆరు మొనల నక్షత్రం. ఒక చదరం మీద ఇంకో చదరాన్ని 45 డిగ్రీలు తిప్పి పెడితే ఎనిమిది మొనల నక్షత్రం. ఈ రెండు విత్తనాల నుంచే దాదాపు అంతా మొలుస్తుంది. నక్షత్రాల మధ్య మిగిలిన చోట్లలో రకరకాల బొమ్మలు వాటంతట అవే పుడతాయి. మంచి నమూనాకు గుర్తు ఏమిటంటే, నక్షత్రం ఎంత అందంగా ఉందో ఆ మిగిలిన ఖాళీలూ అంతే అందంగా ఉంటాయి. ఈ పైగా సమాధుల జాలీల్లో ఎక్కడో ఒకచోట ఆ ఖాళీ ఆకారాన్ని మాత్రమే చూస్తూ ఉండిపోండి. కాసేపటికి ముందున్నది వెనక్కి పోతుంది, వెనకున్నది ముందుకొస్తుంది.

గణితానికి ఈ ఇంట్లో ఉన్న గౌరవం ఇక్కడ గుర్తురాక మానదు. రెండో షంసుల్ ఉమరా ఫక్రుద్దీన్ ఖాన్ ఖగోళం, యంత్రశాస్త్రం అంటే ప్రాణం పెట్టేవాడు. హైదరాబాద్‌లో ఆయన సొంతంగా శిలాముద్రణాలయం పెట్టి ఉర్దూలో విజ్ఞానశాస్త్ర గ్రంథాలు అచ్చువేయించాడు. యంత్రశాస్త్రం, ఖగోళం, నీటి ఒత్తిడి, గాలి, కాంతి, విద్యుత్తు అనే ఆరు విషయాల మీద ఇంగ్లీషు పుస్తకాల ఆధారంగా వచ్చిన ‘సిత్తా షంసియా’ ఆయన పేరుతోనే ప్రసిద్ధి. ఉస్మానియా విశ్వవిద్యాలయం పుట్టడానికి దాదాపు ఎనభై ఏళ్ల ముందే ఉర్దూలో విజ్ఞానం చెప్పాలని పట్టుబట్టిన ప్రభువాయన. 1863లో ఆయన కన్నుమూశాడు. వృత్తాలను ఆరుగా, ఎనిమిదిగా చీల్చే ఈ గోడల మధ్యన ఆయన వంశం విశ్రమించడం నాకు ఎంతో సముచితంగా అనిపిస్తుంది.

1880 ప్రాంతంలో ఆస్మాన్ జా, ఖుర్షీద్ జా, వికారుల్ ఉమరా ఈ ప్రాంగణాన్ని బాగుచేయించి పెంచారు. ఆ ముగ్గురి చేతుల్లో అప్పుడు డబ్బుకు కొదవ లేదు. ముగ్గురూ నిజాం ఇంటి అల్లుళ్లే, ఐదో నిజాం కూతుళ్లను పెళ్లాడినవాళ్లు. రాజభవనాల్లో యూరప్ ఫ్యాషన్ నడుస్తున్న కాలమది. ఫలక్‌నుమా, ఖుర్షీద్ జా దేవిడీ రెండూ పాశ్చాత్య స్తంభాలెత్తుకున్నాయి. అలాంటి అభిరుచి ఉన్నవాళ్లే సమాధుల దగ్గరికొచ్చేసరికి దక్కన్ గచ్చుపనికీ, మొఘల్ కమానుకీ, రాజస్థానీ జాలీకీ తిరిగొచ్చారు. బతికున్నప్పుడు చూపించుకోవడానికి ఒక శైలి, చివరి విశ్రాంతికి మరొకటి ఎంచుకున్నారు. ఆ ఎంపిక వల్లే ఇక్కడి మేస్త్రీలకు తమ చేతి విద్యంతా చూపే చోటు దొరికింది.

కమానుల సంగతి కూడా చెప్పాలి. అంచు నున్నగా పోకుండా వరుసగా గిన్నెలు గిన్నెలుగా తొలిచిన కమానులివి. ఇలాంటి కమాను గీసేటప్పుడు అసలు కష్టం నడినెత్తిన ఉంటుంది. రెండు వైపుల నుంచీ ఎక్కే గిన్నెలు శిఖరం దగ్గర సరిసమానంగా కలవాలి, ఒక్కటి పెద్దదైనా కన్ను పట్టేస్తుంది. కమాను లోపలి జాలీకి ఇంకో పరీక్ష. నక్షత్రాల వల తిన్నటి గళ్ల మీద నడుస్తుంది, కమాను అంచు వంపుగా ఉంటుంది. ఈ రెండూ కలిసేచోట నక్షత్రం తెగాలి. బద్ధకస్తుడైతే ఎక్కడ పడితే అక్కడ తెగ్గోస్తాడు. ఇక్కడ చాలాచోట్ల నమూనా నడిమధ్య గీత మీద ఒక పూర్తి నక్షత్రం నిలిచి, అటూ ఇటూ తెగినవి ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబంలా ఉంటాయి. అంటే కమాను కొలత, గళ్ల కొలత ముందే కలిపి లెక్కగట్టారన్నమాట. కట్టినవాడూ జాలీ కోసినవాడూ ఒకరితో ఒకరు మాట్లాడుకుని చేసిన పని ఇది.

కొన్ని సమాధుల చుట్టూ పాలరాతి తెరలున్నాయి. అవీ అందమైనవే, పూలతీగలు సన్నగా, లోతుగా చెక్కారు. కానీ పాలరాయి ఖరీదే ముందు కంటికి తగులుతుంది, పనితనం తర్వాత. గచ్చు జాలీ దగ్గర ఆ సమస్య లేదు. అందులో విలువైన వస్తువేదీ లేదు. సున్నపురాయి, ఇసుక, బెల్లం, కాయలు, మిగతాదంతా చేయి. అందుకే నా ఓటు గచ్చుకే.

వీలైనంత పొద్దున్నే వెళ్తే మంచిది. అప్పుడు ఎండ ఏటవాలుగా జాలీలోంచి పడి, నేలమీదా సమాధి మీదా నమూనా రెండోసారి పరుచుకుంటుంది. నీడలోని నక్షత్రాలు సాగి, వాలి, గోడమీది వాటికన్నా పొడుగ్గా ఉంటాయి. మధ్యాహ్నం దాకా అవి కుదించుకుంటూ గోడ దగ్గరికి జరుగుతాయి. చేసినవాళ్లకు ఈ సంగతి తెలియదని నేననుకోను. జాలీకి కొంత మందం ఉంచి, రంధ్రాల లోపలి చెంపలను వాలుగా తీసిన చోట్ల వెలుగు మెత్తగా దిగుతుంది. పలచటి రేకులా కోసి ఉంటే ఆ మెత్తదనం రాదు.

ఈ సున్నానికి శత్రువులు మూడు. వాననీరు, మర్రి రావి మొలకల వేర్లు, సిమెంటు. మొదటి రెండూ ప్రకృతివి. మూడోది మనం చేసింది. పాత గచ్చు విరిగినచోట సిమెంటు మెత్తితే పని త్వరగా అయిపోయినట్టు కనిపిస్తుంది. కానీ సున్నం తడిని లోపలికి తీసుకుంటుంది, బయటికి వదులుతుంది. సిమెంటు వదలదు. వెనక చిక్కుకున్న తడి పక్కనున్న పాత సున్నాన్ని తినేస్తుంది, లవణాలు పొడిపొడిగా పైకి లేస్తాయి. కొన్నేళ్లకు సిమెంటు ముక్క గట్టిగానే ఉంటుంది, దాని చుట్టూ ఉన్న అసలు పని రాలిపోతుంది.

తెలంగాణ వారసత్వ శాఖ రక్షణలో ఉన్న ఈ ప్రాంగణంలో ఆరు సమాధుల మరమ్మతుకు 2023లో అమెరికా రాయబార నిధి రెండున్నర లక్షల డాలర్లు ప్రకటించింది. పని ఆగాఖాన్ సంస్కృతి ట్రస్టుకు అప్పగించారు. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర ఏళ్ల తరబడి సున్నంతో పనిచేసిన అనుభవం వాళ్లది. ఇలాంటి చోట పద్ధతి ముందు పాత సిమెంటును ఊడదీయడం, తర్వాత మాగిన సున్నంతో పొరలు పొరలుగా నింపడం. పోయిన జాలీ ముక్కను తిరిగి చేయాలంటే మిగిలిన భాగంలో కంపాస్ కేంద్రాలు వెతికి, గళ్లను మళ్లీ గీసి, పాత మేస్త్రీ లెక్కను బయటికి తీయాలి. పక్క పలకను చూసి కాపీ చేస్తే కుదరదు, ఎందుకంటే పక్క పలక నమూనా వేరు. ప్రతి పలకకూ దాని లెక్క దానిలోనే వెతకాలి. ఆ పని నేర్చుకున్న చేతులు నగరంలో ఇప్పుడు కొన్నయినా ఉన్నాయి. మిగతా ఆవరణలకూ వాటి అవసరం ఉంది, వానలు ముంచుకొచ్చే ముందే ఉంది.